కర్ర మేస్త్రీ ఊఁ కొట్టిన మాటలు

మా వీధిలో ఆయన్ని అందరూ కర్ర మేస్త్రీ అనేవారు. ఎవరినో కొట్టే కర్ర కాదు. పెద్ద సుత్తి నుంచి ఊడిపోయిన పిడి అది, మూరెడు పొడవుంటుంది. పాత కార్లు తప్ప ఇంకే బండీ ఆయన ముట్టుకునేవాడు కాదు. యాభై అరవై ఏళ్ళ నాటి బండి షెడ్డులోకి రాగానే ఇంజన్ ఆన్ చేయించి, కర్ర ఒక కొస దాని మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "మూడో వాల్వు అలిగింది," అనేవాడు. విప్పి చూస్తే మూడోదే.

ఆయన షెడ్డుకీ నా కొట్టుకీ మధ్య ఒకటే గోడ. నాది కార్ల సీట్లు కుట్టే పని. ఆయన బాగుచేసిన బండ్లకి ముప్పై ఏళ్ళు నేనే సీట్లు కుట్టాను. నన్ను "ఏరా దర్జీ" అనేవాడు. నేను "అన్నా" అనేవాణ్ణి.

భార్య పోయేనాటికి కూతురికి నాలుగేళ్ళు. పిల్లని ఒక్కరోజు కూడా ఎవరి దగ్గరా వదల్లేదు. షెడ్డు మూలన ఎప్పటికీ బాగుపడని పెద్ద కారొకటి ఉండేది. దాని వెనక సీటే ఆ పిల్లకి మంచం, బల్ల, ఆటస్థలం. పుస్తకాలు పెట్టుకోడానికి ముందు సీటు వీపుకి నేనొక సంచి కుట్టిపెట్టాను. బడి వేళకి ఆయన చేతులు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని జడ అల్లేవాడు. అల్లాక ఫ్యాను బెల్టుని చూసినట్టు బొటనవేలితో నొక్కి చూసేవాడు.

"నాన్నా, లాగేస్తోంది."

"వేలెడు వదులుందమ్మా. ఇంతకంటే వదిలితే బడికి వెళ్ళేలోపే జారిపోతుంది."

ఒంట్లో బాగోలేదని పిల్ల బడి ఎగ్గొట్టబోతే కర్ర తెచ్చి గుండె మీద ఆనించేవాడు. కాసేపు ముఖం గంభీరంగా పెట్టి విని, "ఇంజన్ బాగుంది," అని తేల్చేవాడు. పిల్ల నవ్వేసి బడి సంచి తగిలించుకునేది. ఆ మాట వాళ్ళిద్దరిదీ. పెళ్ళై వేరే ఊరు వెళ్ళాక రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసేది. ఆయన ఆ మాట అన్నాకే పెట్టేసేది.

ఆయనకి చెవులు పోయాయని నాకు తెలిసింది ఒక జాకీ వల్ల. అది బల్ల మీంచి కింద పడితే గోడకి ఇవతల నేను ఉలిక్కిపడి పరుగెత్తాను. ఇంజన్ మీదికి వంగిన ఆయన వీపు కదల్లేదు. కర్ర చెవి దగ్గర లేదు, పళ్ళ మధ్య ఉంది.

నన్ను చూసి తీశాడు. కొస మీద పంటిగాట్లు వరసగా ఉన్నాయి. "పళ్ళకి బాగానే వినపడుతుందిరా," అన్నాడు, దొరికిపోయిన దొంగలా.

ఎదురుగా నిలబడి, నా పెదాలు కనపడేలా అడిగాను. "మరి ఫోన్లో ఎలా అన్నా?"

"దవడకి ఆనించుకుంటా. మాటలు తెలియవు. పిల్ల గొంతు కదలడం తెలుస్తుంది. సాఫీగా వెళ్తోందా, ఎక్కడైనా పట్టేస్తోందా, అంతే. ఆగినప్పుడల్లా ఊఁ అంటా. గేరు మార్చినట్టు."

"పిల్లకి చెప్పరాదా?"

"చెబితే షెడ్డు మూయించి తన దగ్గరికి తీసుకుపోతుంది. అక్కడ నేనేం చేయాలి, కుర్చీలకి ఆయిల్ వేసుకుంటూ కూర్చోనా? నువ్వూ చెప్పొద్దు, ఒట్టెయ్యి."

వేశాను.

ఏడాది దాటాక ఒక సాయంత్రం ఆయన నా కొట్టుకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇవాళ పిల్ల ఎంతసేపు నవ్విందోరా దర్జీ. దవడంతా అదిరిపోయింది. ఏం సంతోషమో మరి."

మర్నాడు ఏడింటికి ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తర్వాత రోజూ అదే వేళకి ఆయన ఫోన్ని బానెట్ మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు, మోగితే చేతికి తెలుస్తుందని. ఎనిమిది కొట్టాక చెయ్యి తీసి లైటు ఆర్పేవాడు.

"నేను చేసి మాట్లాడనా అన్నా?"

"వద్దురా. నీ గొంతు వింటే నాకేదో అయిందనుకుంటుంది. పనుల్లో ఉండుంటుంది."

అలా పదకొండు నెలలు. ఒక మధ్యాహ్నం బండి కింద దూరినవాడు బయటికి రాలేదు. గుండె ఆగిందన్నారు. నేను ఫోన్ చేస్తే, హలో అన్నానో లేదో, "నాన్నకేమైంది బాబాయ్?" అంది.

కార్యక్రమాలన్నీ అయ్యాక కూతురు షెడ్డు సర్దడానికి ఆగింది. ఒక రోజు పాత కారు వెనక సీటులో కూర్చుని, నేను కుట్టిన సంచిలో చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా చెప్పింది.

"మా ఆయన నన్ను వదిలేసి వెళ్ళిపోయిన రోజు ముందు నాన్నకే చేశాను బాబాయ్. ఇంక ఎవరికి చెప్పను? వెక్కి వెక్కి ఏడ్చాను. అంతా విని, 'సంతోషం తల్లీ, ఇంజన్ బాగుంది,' అన్నాడు. పెట్టేశాడు. మళ్ళీ చెయ్యబుద్ధి కాలేదు. ఎందుకలా అన్నాడు?"

నా చేతిలో సూది ఉంది. దాన్ని గుచ్చడానికి చాలాసేపు చోటు దొరకలేదు. ఆయన చెవుల సంగతీ, నా ఒట్టు సంగతీ చెప్పాను. పంటిగాట్ల కర్ర తెచ్చి చేతికిచ్చాను. ఆ రోజు తను నవ్విందనుకున్నాడని కూడా చెప్పాను. ఎన్ని వందల ఇంజన్లు విన్నాడో, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. తప్పు విన్నది అదొక్కటే.

ఆవిడ ఏడవలేదు. పంటిగాట్లని గోటితో ఒక్కొక్కటే తడిమింది.

మర్నాడు ఆయన చివరిసారి పనిచేసిన కారు యజమాని, రిటైరైన లెక్కల మాస్టారు, బండి తీసుకోడానికి వచ్చాడు. స్టార్ట్ చేశాడు. పాత ఇంజన్ కదా, షెడ్డు రేకులన్నీ మోగాయి. ఆవిడ కర్ర కొస ఇంజన్ మీద ఆనించి, రెండో కొస సరిగ్గా ఆ గాట్ల దగ్గర పళ్ళతో పట్టుకుంది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. అలా ఎంతసేపు నిలబడిందో. తర్వాత కర్ర తీసి, నావైపు తిరిగి ఏదో అంది. పెదాలు కదలడం కనపడింది, మాట ఆ మోతలో కలిసిపోయింది.

ఊఁ అని తలాడించబోయాను. ఆగి, మాస్టారి దగ్గరికి వెళ్ళి ఇంజన్ ఆపమన్నాను.

"వినపడలేదమ్మా," అన్నాను. "మళ్ళీ చెప్పు."