రెండో థర్మామీటరు

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుందనగా, ఒక జనవరి మొదటి వారంలో, గోదావరి అవతలి బొగ్గుగనుల ఊరి నుంచి నన్ను బందరు వాతావరణ కేంద్రానికి బదిలీ చేశారు. హోదా సైంటిఫిక్ అసిస్టెంట్. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, పని మాత్రం నిర్ణీత వేళకి ఆవరణలోకి నడిచి వెళ్లడం, పరికరాలు చూడడం, అంకెలు రాయడం, వాటిని సంకేతాల్లోకి మార్చి పైకి పంపడం. పగటి డ్యూటీలో ఎనిమిదిన్నర, పదకొండున్నర, రెండున్నర, ఐదున్నర. ఉండేది ఒక్కరే కాబట్టి ఆ వేళకి ఆ మనిషి అక్కడ ఉండి తీరాలి. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో నేను ఒక్క రీడింగు కూడా తప్పలేదు. ఈ మాట ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

చదివేవాళ్లకి మా పరికరాల సంగతి కొంచెం చెప్పాలి. ఆవరణ మధ్యలో నాలుగు కాళ్ల మీద తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఉంటుంది. లోపలికి గాలి ఆడాలి, ఎండ పడకూడదు. అందుకని దాని గోడలు వాలు పలకలతో చేస్తారు. అందులో అడ్డంగా పడుకోబెట్టిన థర్మామీటర్లు రోజులోని గరిష్ఠాన్నీ కనిష్ఠాన్నీ పట్టి ఉంచుతాయి. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ గరిష్ఠమే. పక్కపక్కన నిలువుగా మరో రెండు ఉంటాయి. మొదటిది ఆ క్షణంలో గాలి వేడి చెబుతుంది. రెండోదాని బుడ్డికి పల్చటి మల్లుగుడ్డ చుట్టి, దాని వత్తిని డిస్టిల్డ్ వాటర్ గిన్నెలో ఉంచుతాం. ఆ తడి ఆరుతూ థర్మామీటరుని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటే రెండో అంకె బాగా దిగుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే తడి ఆరదు, అంకె దిగదు. మనిషి ఒంటిమీద చెమటకీ ఇదే సూత్రం. ఈ రెండో థర్మామీటరునే వెట్‌బల్బు అంటాం. బందరులో సముద్రపు ఉప్పు పేరుకుంటుందని ఆ గుడ్డని వారానికి రెండుసార్లు మార్చేవాళ్లం.

మాది గుడివాడ. బదిలీ ఆర్డరు రాగానే మా ఆవిడ, "బందరులో కాపురమా? ఆ ఉక్క నావల్ల కాదండీ బాబూ, మీరే రోజూ రైల్లో వెళ్లి రండి" అంది. అలాగే వెళ్లి వచ్చాను. గుడివాడలో ఉక్క లేదని కాదు. కానీ మా వాటా కింద ఉంది, నెత్తిన స్లాబు ఉంది, ఆ స్లాబు మీద మరో వాటా ఉంది. అంటే నా ఇంటి సంగతికి వచ్చేసరికి నేను చూసుకున్నది ఊరి ఉష్ణోగ్రత కాదు, నెత్తిమీద ఏముందన్నది.

ఆ సెప్టెంబరులో యేసురత్నం గారు ఫోన్ చేశారు. ఆయన బొగ్గుగనుల్లో ఫిట్టరు, మేం అక్కడున్నప్పుడు మా పక్కింట్లో ఉండేవారు. పుట్టింది దివిసీమలో కోడూరు దగ్గర. చిన్నతనంలోనే ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుంటే మేనమామ తీసుకెళ్లి గనుల దగ్గర పెంచాడు. ఒక జిల్లా వాళ్లమని ఆయన నన్ను బావగారూ అనేవారు. ఆయన భార్య కరుణమ్మ ఖమ్మం వైపు మనిషి, నన్ను అన్నయ్యా అని పిలిచేది. పిల్లలు లేరు. ఆవిడకి గుండె జబ్బు. ఎండలకి తట్టుకోలేదు, వీలైతే ఈ ఊరు మారండని డాక్టరు చెప్పాడట. ఎలాగూ రిటైరవుతున్నారు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

ఆయన లెక్క పద్ధతిగానే ఉంది. విజయవాడలో అద్దెలు అందవు, పైగా అక్కడి ఎండ గనుల ఎండకేం తీసిపోదు. దివిసీమలో బంధువులు స్థలం చూపిస్తామన్నారు, చవగ్గా ఇల్లు కట్టుకోవచ్చు. దానికాయన, "మళ్లీ ఆ నీళ్ల పక్కకి మాత్రం వెళ్లను బావగారూ, తుపానని రేడియోలో వింటేనే నాకు నిద్ర పట్టదు" అన్నారు. గుడివాడలో మా వీధి వెనక ఒక స్లాబు ఇల్లు చూశాను, బాగుంది, అద్దె ఆయన అనుకున్నదానికంటే ఎక్కువ. బందరులో పెద్దాసుపత్రి ఉంది, చర్చి ఉంది, అద్దెలు తక్కువ, సముద్రం కూడా ఊరికి కొన్ని మైళ్ల దూరం. మిగిలింది ఒక్క ప్రశ్న. "బందరులో మే నెలలో ఎండెంత ఉంటదో మీకంటే ఎవరికి తెలుస్తదండీ?" అన్నారు.

నాకు ఆ మాట తలకెక్కింది. ఎవరో దారినపోయేవాడిలా సుమారుగా చెబుతానా? రిజిస్టర్లు తీసి, అయిదేళ్ల మే నెలల గరిష్ఠ ఉష్ణోగ్రతలు, పక్కన బొగ్గుగనుల ఊరివీ, దశాంశంతో సహా కాగితం మీద గడులు గీసి రాశాను. పోస్టులో పంపాను. సగటున ఆరు డిగ్రీలు తక్కువ. ఉక్క సంగతి ఫోనులో ఒకసారి ప్రస్తావించాననుకుంటాను. ఆయన నవ్వి, "చెమటే కదండీ, పడితే పడింది. వడదెబ్బ కొట్టదుగా" అన్నారు. ఇక్కడ చాలామంది నమ్మకం అదే. నాకు తెలిసిన విషయం వేరు. అయినా నేను మాట పొడిగించలేదు.

డిసెంబరులో దిగారు. రాజుపేటలో సత్తార్ గారనే ఇనుప సామాను వ్యాపారి ఇల్లు. కింద వెనకవైపు స్లాబు వాటా ఖాళీగా ఉంది, రెండంతస్తుల పైన డాబా మీద సిమెంటు రేకుల గదులు ఖాళీగా ఉన్నాయి. కిందిదానికి అద్దె కొంచెం ఎక్కువ. సత్తార్ గారు ఆవిడ ఆరోగ్యం సంగతి విని, "కింద తీసుకోండి సార్, అమ్మగారు మెట్లెక్కలేరు, కావాలంటే కొంచెం తగ్గిస్తా" అన్నారు. యేసురత్నం గారు మెట్ల గురించి ఆలోచించారు, ఆవిడ ఎలాగూ దిగే పనేముంది అనుకున్నారు. ఎండ గురించి నా కాగితం చూశారు. గనుల ఊళ్లో కూడా రేకుల కిందే ముప్పై ఏళ్లు ఉన్నారు. దానికంటే ఆరు డిగ్రీలు తక్కువ ఊళ్లో రేకులైతేనేం, మిగిలిన డబ్బు మందులకి వస్తుంది. పైగా కూలర్ ఉంది. రేకుల గదులు తీసుకున్నారు.

ఆ కూలర్ నేనెరుగుదును. పెద్ద ఇనప కూలర్, మూడు పక్కలా గడ్డి పలకలు, వెనక నీళ్ల తొట్టి. గనుల ఊళ్లో దాన్ని కిటికీకి బయట బిగించేవారు. బయటి పొడిగాలి తడిగడ్డి లోంచి వచ్చి గది చల్లబడేది. బందరులో గ్రిల్ కోయడానికి వీల్లేక గది లోపల స్టూలు మీద పెట్టుకున్నారు. మార్చిలో ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు, కొత్తగడ్డి వేస్తుంటే ఒక పక్క పట్టుకుని సాయం కూడా చేశాను. ముప్పై ఏళ్లు రోజూ వెట్‌బల్బు చూసినవాణ్ణి. ఆ కూలర్ పెద్ద వెట్‌బల్బు తప్ప మరేమీ కాదు. గాలి పొడిగా ఉన్నచోటే అది పని చేస్తుంది. మూసిన గదిలో తేమగాలినే తిప్పితే తడి పెరుగుతుంది తప్ప చల్లబడదు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నేను టీ తాగి, ఆవిడ చేసిన గారెలు బాగున్నాయని చెప్పి, రైలుకి టైమైందని లేచాను.

మెట్లు దిగబోతుంటే కరుణమ్మ అంది. "ఏం ఊరో అన్నయ్యా, ఇప్పుడే ఇట్లుంది. మొఖం మీద తడిగుడ్డ ఏసినట్టుంటది."

"అలవాటవుతుందమ్మా" అన్నాను.

మే నెల మూడో వారంలో పడమటి గాలి పట్టింది. బందరులో అది వీచినన్నాళ్లు సముద్రపు గాలి లోపలికి రాదు, ఎండ మండిపోతుంది. మూడు రోజులు నలభై మూడు దాటింది. ఊరంతా గగ్గోలు. గాలి మాత్రం పొడిగా ఉంది. ఆ మూడు రోజులూ వేడిగాలి రాకుండా కిటికీలు మూసుకుని, తలుపు ఓరగా ఉంచి, కూలర్ వేసుకున్నారు. బాగానే ఉందని యేసురత్నం గారు ఫోనులో చెప్పారు. నాలుగో రోజు పదకొండు గంటలకి గాలి తిరిగింది. సముద్రం వైపు నుంచి వచ్చింది. గరిష్ఠం ముప్పై ఏడు దగ్గర ఆగిపోయింది. గేటు దగ్గర జనం, హమ్మయ్య, ఇవాళ ప్రాణం లేచొచ్చింది అనుకుంటుంటే విన్నాను.

రెండున్నర రీడింగుకి పెట్టె తెరిచాను. మొదటి థర్మామీటరు ముప్పై ఆరున్నర. వెట్‌బల్బు ముప్పై ఒకటి. బందరులో నేను అంత వెట్‌బల్బు ఎప్పుడూ చూడలేదు. అలాంటి అంకె కనిపిస్తే ముందు పరికరాన్ని అనుమానించాలని మాకు నేర్పుతారు. గిన్నెలో నీళ్లు చూశాను, ఉన్నాయి. గుడ్డ తీసేసి కొత్తది చుట్టాను, తడిపాను, ఆగి మళ్లీ చూశాను. అదే అంకె. నా గుడ్డ శుభ్రంగా ఉంది, నా థర్మామీటరు సరిగ్గా ఉంది. తృప్తిగా రాసుకున్నాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ పదిహేను నిమిషాల్లో నాకు కరుణమ్మ గుర్తు రాలేదు.

ఆ వేళకి యేసురత్నం గారు మందుల కోసం పెద్దాసుపత్రికి వెళ్లారు. నిన్నటిలాగే ఆవిడ కిటికీలు మూసుకుని కూలర్ ముందు పడుకుంది. రేకులు పైనుంచి కాలుతున్నాయి, గదిలో గాలి అంతా తడి. మూడు దాటాక ఆయన తిరిగొచ్చేసరికి గోడలు చెమర్చి ఉన్నాయట. ఆవిడ ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకలేదు. సత్తార్ గారూ, ఆయన కొడుకూ మంచం మీదే కిందికి దింపి ఆటోలో ఎక్కించారు. నాకు ఫోన్ వచ్చేసరికి నాలుగున్నర. ఐదున్నర రీడింగుకి నేను తప్ప మనిషి లేడు. ఉన్నాను. చూశాను, రాశాను, సంకేతాల్లోకి మార్చి పంపాను, బయల్దేరాను. నేను వార్డుకి చేరేసరికి గుడ్డ కప్పేశారు.

వడదెబ్బ మరణమని తేలితే ప్రభుత్వ సహాయం వస్తుంది. అందుకు విచారణ ఉంటుంది. ఆ రోజు వాతావరణ వివరాలు కావాలని మా కేంద్రానికి కాగితం వచ్చింది. అడిగిన అంకె ఒక్కటే, గరిష్ఠ ఉష్ణోగ్రత. ఆ పని నా బల్ల మీదికే వచ్చింది. ముప్పై ఏడు పాయింట్ రెండు అని రాశాను. వడగాలి పరిస్థితి ఉందా అన్నచోట నిబంధనల ప్రకారం లేదు అని రాయాలి, రాశాను. ఈసారి మాత్రం కింద వెట్‌బల్బు కూడా రాసి, దాని అర్థం రెండు వాక్యాల్లో వివరించి సంతకం పెట్టాను. నెల తర్వాత తేల్చారు. ఆ రోజు వడగాలి లేదు, మృతురాలు పాత హృద్రోగి. రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల ఫారంలో రెండో అంకెకి గడి లేదు. నేను పోస్టులో పంపిన కాగితంలోనూ లేదు.

ఆ నిర్ణయం కాపీ పట్టుకుని యేసురత్నం గారు ఒకరోజు కేంద్రానికి వచ్చారు. దానికి నేను ఏదైనా అప్పీలు రాయగలనేమో అడుగుతారనుకున్నాను. ఆయన అది అడగలేదు. "ముప్పై ఏడుకి మనిషి పోతదా బావగారూ? మా ఊళ్లో నలభై ఆరులో కూడా లేచి వంట చేసింది. నాకు అర్థం కావట్లేదు, ఒకసారి చూపించండి" అన్నారు.

ఆవరణలోకి బయటివాళ్లని రానివ్వం. తీసుకెళ్లాను. పెట్టె తెరిచి రెండు థర్మామీటర్లూ చూపించి, గుడ్డ సంగతి, నీళ్ల సంగతి చెప్పాను. జీవితమంతా యంత్రాలు బాగుచేసిన మనిషి, ఒక్కసారికే అర్థమైంది. గిన్నెలోని నీళ్లనీ, తడిగుడ్డనీ చాలాసేపు చూశారు. "ఇది మా కూలరే కదండీ" అన్నారు. అవునన్నాను.

అప్పుడు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. నేను పంపినదే. బైబిల్లో దాచుకున్నారట, మడతలు చెదరలేదు.

"ఇందులో ఈ రెండోది లేదేంటండీ?"

మీరు అడగలేదుగా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. కొలువులో అదే మాట ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పానో. మింగేశాను.

"నేను రాయలేదు" అన్నాను.

ఆయన తలూపారు. కాగితాన్ని మళ్లీ అదే మడతల్లో మడిచి నా చేతిలో పెట్టి, గేటు వైపు నడిచారు. ఆ తర్వాత నన్ను బావగారూ అని పిలవలేదు. కనిపిస్తే నమస్కారం సార్ అనేవారు. ఆ ఏడాదే సత్తార్ గారి కింది వాటాలోకి దిగారు. ఒక్కడికి అంత వాటా ఎందుకని ఆయన అనుకున్నా, సత్తార్ గారు పట్టుబట్టి, పై అద్దెకే ఇచ్చారని విన్నాను.

నేను రిటైరై గుడివాడలోనే ఉన్నాను. ఊరు మారాలనుకునేవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, బందరా, అవనిగడ్డా, బంటుమిల్లా, ఎక్కడ ఎండ తక్కువని. ఊరి పేరుకి నేను జవాబు చెప్పను. చూసిన ఇంటికి పైన రేకులా, స్లాబా అని అడుగుతాను. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందని అడుగుతాను. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారా అని అడుగుతాను. గరిష్ఠంతో పాటు వెట్‌బల్బు ఎంత ఉంటుందో చెప్పి, అదేమిటో విసుగు పుట్టేదాకా వివరిస్తాను. అద్దెలో తేడా ఎంతైనా ఈ నాలుగూ తెలిశాకే లెక్క వెయ్యమంటాను. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పడం ఉద్యోగానికి సరిపోతుంది. ఇల్లు వెతుక్కునే మనిషికి సరిపోదు.

ఆ కాగితం నా బీరువాలో ఉంది. అందులోని ప్రతి అంకెనీ రిజిస్టర్లతో మళ్లీ సరిచూశాను. ఒక్కటి కూడా తప్పు లేదు.