తలుపు తీసింది నేనే

నాలుగేళ్ల కిందట, ఈ పరాయి దేశంలో, మా మ్యూజియంలో ఉద్యోగం పోవాల్సింది నాకు. పోయింది నా తోటి గార్డుకి. అతను హైదరాబాద్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నన్ను భయ్యా అనేవాడు.

ఆ వేసవిలో పాత జర్మన్ చిత్రాల ప్రదర్శన కోసం ఒక గది సిద్ధం చేస్తున్నారు. కెమెరాలు ఇంకా బిగించలేదు. గది మధ్యలో ఐదువందల ఏళ్ల నాటి చెక్క మందసం. ఒకప్పుడు ఏదో చర్చిలో పీఠం మీద ఉండేదట. దాని రెండు తలుపుల మీద బూడిదరంగులో, రాతి విగ్రహాల్లా, ఇద్దరు సాధువులు. లోపల బంగారు పూత మీద, యుగాంతాన దేవుడిచ్చే అంతిమ తీర్పు బొమ్మ. పండగలకే తెరిచేవారట. వారంగా, ఇక్కడి ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు వడగాలి. తేమ లేక రంగు పెచ్చులు లేస్తోందని, తలుపులు ముట్టుకోవద్దని, మరమ్మతులు చూసే ఆవిడ గోడకు కాగితం అంటించింది. ఎవరూ లేనప్పుడు ఆ చెక్క టక్కుమనేది.

మా ఆవిడ పురిటికని వచ్చిన అత్తగారిని ఒక మధ్యాహ్నం అక్కడికి తీసుకెళ్లాను. జడలో మా పెరటి మల్లెలు పెట్టుకుని వచ్చింది.

"నువ్వు గార్డువా, గైడువా భయ్యా?" అని నవ్వాడతను.

"పది నిమిషాలు నేనుంటా. మీరు చాయ్ తాగి రండి భాయ్."

వెళ్లాడు. రిజిస్టర్‌లో ఆ గంటకి అతని పేరే ఉంది.

"తలుపులేసేశారేంటి అల్లుడుగారూ?" అంది అత్తగారు.

"తియ్యకూడదండీ."

"ఇంత దూరమొచ్చి మూసిన తలుపులకి దణ్ణం పెట్టుకుని పోవాలా? ఇక్కడ మీ మాట చెల్లుతుందని మా అమ్మాయి చెప్పిందే!"

తాడు దాటి కుడి తలుపు లాగాను. రాలేదు. గట్టిగా లాగితే తెరుచుకుంది. చేప నోరులాంటి నరకం, అందులోకి వరసగా నడుస్తున్న మనుషులు. అదేమిటో చూడకుండానే ఆవిడ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. చెక్క టక్కుమంది. వరసలో ఒకడి మొహం, గోరంత పెచ్చు, నేల రాలింది. తియ్యబోతే నా వేళ్ల మధ్య పొడైపోయింది. తలుపు మూసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను.

మర్నాడు విచారణ. చాయ్‌కి వెళ్లానని మాత్రమే చెప్పాడతను. నన్నడిగితే నాకేమీ తెలియదన్నాను. వారంలో అతన్ని తీసేశారు.

పోయిన ఆదివారం ఊరి శివార్లలో, వెర్రిబీలో ఉన్న అతని ఇంటికి వెళ్లాను. ఇప్పుడు టాక్సీ నడుపుతున్నాడు. గుమ్మంలోనే చెప్పేశాను.

"నాకు ఎరుకనే," అన్నాడు. "చాయ్ తాగొచ్చేసరికి దాని ముందర మల్లెపువ్వు ఉండె. అమ్మ పెట్టినట్టుంది. జేబుల ఏసుకున్న."

"మరి చెప్పలేదేం భాయ్?"

"నీ ఇంట్ల పసిబిడ్డ ఉండె. నువ్వే చెప్తవనుకున్న. వారం చూసిన. నెల చూసిన. తర్వాత చూసుడు బంద్ చేసిన."

లోపలికి రమ్మనలేదు.

జరిగింది రాసి మొన్న ఆఫీసులో ఇచ్చాను. ఆ గంటకి అతని పేరు కొట్టేసి నా పేరు రాయమన్నాను. రేపు పది గంటలకి రమ్మన్నారు. ఈరోజు నా డ్యూటీ ఆ గదిలోనే. తలుపులు ఇప్పుడు అద్దాల వెనక తెరిచే ఉంటాయి. నరకం వరసలో ఒకడికి మొహం లేదు, ఉత్త చెక్క. బయట ఉత్తరపు గాలి మొదలైంది.