ముప్పై ఏళ్లు ఎండిన చెక్క

కోడికి పొగ పట్టించి వండడంలో, దేశ రాజధానిలోని మా ద్వారక కాలనీ మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. నా చేతి మీదుగా తక్కువలో తక్కువ రెండు వందల కోళ్లు తరించాయి. అంతటివాణ్ణి ఒకే ఒక్కసారి ఘోరంగా బోల్తా పడ్డాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నీరసం ముంచుకొస్తుంది. అయినా చెబుతాను, కాస్త కాళ్లు చాపుకోనివ్వండి.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు అరవై ఆరు. కుర్రతనం, దూకుడు. ఫౌజులో, అంటే పట్టాళంలో, నా పక్క మంచం మీద ఏళ్ల తరబడి గురక పెట్టిన అప్పలనాయుడు ఊరికి అటు చివర ఇందిరాపురంలో ఉంటాడు. ఆ ఏడు వాడికి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వాడి ముక్కునూ నాలుకనూ పట్టుకుపోయింది. వాసన లేదు, రుచి లేదు. మనిషి చీపురుపుల్ల అయిపోయాడు.

"ఏటి తిన్నా గడ్డి నమిలినట్టే ఉందిరా. ఇంక తినడమే మానేస్తన్నాను," అన్నాడు ఫోన్లో.

నా గుండె జారింది. దాని వెనకాలే నోరూ జారింది.

"ఆదివారం మా ఇంటికి రా. పొగ పట్టించిన కోడి పెడతాను. ఆ వాసనకి పాడె మీదున్నవాడు కూడా లేచి కంచం అడుగుతాడు."

ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. పైన రెండు వందల కోళ్లన్నాను కదా? రెండు. అందులో ఒకటి పిల్లి పట్టుకెళ్లింది.

శనివారం బొగ్గుల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు ఓపికగా చెప్పాడు. "అంకుల్‌జీ, నిప్పుకి ఈ పెద్ద బొగ్గు తీసుకోండి. ఉండలు చేసి అమ్మేది వద్దు. పొగకి మామిడి కట్టె బాగుంటుంది. కానీ నా దగ్గరున్నది పచ్చిది. పది రోజులు ఎండబెట్టాలి."

"నాకు రేపే కావాలి భయ్యా!"

"అయితే ఒట్టి బొగ్గు మీద కాల్చుకోండి. పచ్చి కట్టె పెడితే మాంసం చేదెక్కుతుంది."

బంగారంలాంటి సలహా. చెవి గుమ్మం దాకా వచ్చింది, నేనే లోపలికి రానివ్వలేదు. కావలసింది ఎండిన కట్టె, అంతే కదా! బొగ్గు సంచి మోసుకుంటూ ఇంటికొస్తుంటే మెట్ల కింద మూలుగుతున్న పెట్టె గుర్తొచ్చింది. ఫౌజు కుటుంబాల వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను: బదిలీ అయినప్పుడల్లా గిన్నెలూ దుప్పట్లూ కుక్కి రైలెక్కించే నల్లరంగు చెక్కపెట్టె అది. జోధ్‌పూర్ ఎండలు తిన్నది. ముప్పై ఏళ్లు ఎండిన చెక్క! ఏ దుకాణంలో దొరుకుతుంది చెప్పండి?

పలకలు ఊడదీస్తుంటే మా ఆవిడ సుభద్ర వచ్చింది.

"ఆ రంగో?"

"గీకేశాను."

"ఒక పక్కే కదా గీకేరు?"

"వంట సంగతి నీది, నిప్పు సంగతి నాది. నువ్వు లోపలికెళ్లు."

ఆవిడ వెళ్లింది. నా బుద్ధి కూడా ఆవిడ వెనకే వెళ్లినట్టుంది.

ఆదివారం మా ఇంటి వెనక, నాలుగు మంచాలు పట్టేంత పెరట్లో, బొగ్గు రాజేసి, పైన పలకలు పేర్చి, కోడిని పెట్టి మూత వేశాను. కాసేపటికి పొగ లేచింది. పొగా అది? గున్న ఏనుగు! పై అంతస్తు పిల్ల బాల్కనీలోంచి కేకేసింది.

"అంకుల్! టైర్ జలా రహే హో క్యా?"

"నహీ బేటీ, చికెన్!" అన్నాను. టైరు కాల్చడం లేదు తల్లీ, కోడినే అని చెప్పుకోవాల్సిన గతి!

మూడంతస్తుల కిటికీలూ టపటపా మూసుకున్నాయి.

రెండు గంటలకు మూత తీశాను. పరేడ్‌కి పాలిష్ చేసిన బూటులా మెరుస్తోంది కోడి. అప్పలనాయుడు పెరట్లోకి వచ్చాడు. చొక్కా వాడి మీద లేదు, చొక్కాలో వాడు ఎక్కడో ఉన్నాడు. కోడి కాలు తీసి చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పట్టుకున్నాడు. వాడు పొయ్యి వైపు చూశాడు, నా వైపు చూశాడు. కళ్లు పెద్దవి చేశాడు.

"ఒరే, వాసనొస్తందిరా!"

"ఏ వాసన? చెప్పరా!"

"పెట్టె రంగు! మన నల్లపెట్టె రంగు! సంపేద్దామనే పిలిచావేట్రా నన్ను?"

కోడి చెత్తబుట్టలోకి వెళ్లింది. నేను మాత్రం వాణ్ణి కౌగిలించుకుని ఏడ్చేశాను. సుభద్ర గబగబా చారు కాస్తే వాడు రెండుసార్లు అడిగి అన్నం కలుపుకున్నాడు. డాక్టర్లు చేయలేనిది నేను చేశానని అప్పటినుంచీ కనబడ్డవాడికల్లా చెబుతున్నాను.

అయినప్పటికీ, అగ్నిహోత్రుడి సాక్షిగా, ఇంటి వెనక పెరటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: రంగు పూసిన చెక్కను, మేకు దిగిన చెక్కను, రైలెక్కి తిరిగిన చెక్కను ఈ జన్మలో నా పొయ్యి దరిదాపులకు రానివ్వను. ఊడదీసే ఓపిక కూడా లేదు.

ఇంతవరకూ రాసి సుభద్రకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అంది.

"వాసనా లేదు, పాడూ లేదు. సగం కాలిన పలక మీద తెల్లరంగుతో మీ పేరు కనబడుతూనే ఉంది. అప్పలనాయుడన్నయ్య అది చదివేరు. మీ మొహం చూసి జాలేసి అలాగన్నానమ్మా అని ఆ రోజే నాతో చెప్పేరు. ఆయన ముక్కు బాగుపడింది దీపావళికి."