చినిగిన చొక్కా ఇన్‌స్పెక్టరు

మొన్న పొద్దున పాలామె చెంబు దించకముందే చెప్పింది, మా వీధి అయివారు పోయారని. "నిద్రలోనా?" అన్నాను. "కాదంటమ్మా, మాట్లాడతా మాట్లాడతానే అంట" అంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇంకోలా పోయే మనిషి కాదు.

పగలు బళ్లో పాఠం చెప్పేవారు. మూగ సినిమాల కాలంలో మా ఊరు డోనుకు సినిమా గుడారం వచ్చిందంటే, సాయంత్రం తెర పక్కన నిలబడి కథ చెప్పేవారు. తెర మీద మాటలు ఇంగ్లీషులో పడేవి. అవి చదవగలిగింది గుడారంలో ఇద్దరమే: ఆయన, మిషను బళ్లో చదివిన నేను. ఆడవాళ్లకు అడ్డంగా కట్టిన గోనెపట్ట వెనక నేనున్నానని ఆయనకు తెలుసు.

ఒక ఏడు మా పెద్దవాడు పరీక్ష రాయనని మొండికేశాడు. చదువంటే వాడికి ద్వేషం కూడా లేదు. ద్వేషించడానికైనా పుస్తకం తెరవాలి కదా. "రాయకుంటే బడి మాను. మండీలో శనక్కాయల మూటలు కుడుదువు రా" అన్నాడు వాళ్ల నాయన. అన్నంత పనీ చేసే మనిషి. సరిగ్గా అప్పుడే ఒక బద్ధకపు విద్యార్థి సినిమా వచ్చింది. అయివారు మావాణ్ణి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు.

సినిమాలో కుర్రాడు పరీక్ష ఎగ్గొట్టి రైలెక్కాడు. 'చదువు అంతటితో సరి' అని తెర మీద పడింది.

"చూడండప్పా! పరీక్ష రాసేకి కర్నూలుకు పోతాండాడు!" అన్నారు అయివారు.

చివర్లో ఆ కుర్రాడే పెద్దవాడై, చినిగిన చొక్కాతో పాత బడి ముందు నిలబడి ఏడ్చాడు. 'ఆలస్యమైపోయింది' అని పడింది.

"బళ్ల ఇన్‌స్పెక్టరై వచ్చినాడు! తాను చదివిన బడి చూసి కండ్లనీళ్లు పెట్టుకుంటాండాడు."

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఇన్‌స్పెక్టరుకు చినిగిన చొక్కా ఏందప్పా?"

"రైల్లో జనం శానా ఉండారు. ముందు నీ చొక్కా చూసుకో!"

అందరూ నవ్వారు, మావాడు తప్ప. ఇంటికొస్తూ అడిగాడు. "మా, తెర మీద నిజంగా ఏం రాసిండారు?"

నా నాలుక ఎవరినీ వదలదని పేరు. ఆ ఒక్కరోజు దాన్ని పట్టుకున్నాను. "చదవను వచ్చినోళ్లకు తెలుస్తాది" అన్నాను.

మర్నాడే వాడు ఇంగ్లీషు వాచకంతో అయివారి అరుగెక్కాడు. పరీక్ష కోసం కాదు, ఆయన్ని అబద్ధంలో పట్టుకోవడానికి. దారిలో పరీక్ష తగిలింది, రాసేశాడు. బొటాబొటీగా గట్టెక్కాడు. వాళ్ల నాయన మూటల మాట మళ్లీ ఎత్తలేదు.

ఒకసారి నేను అయివారిని నిలదీశాను. "ఇట్లా ఎన్ని కథలు మార్చినారు?"

"మార్చలేదు తల్లీ. రాసిండేది చదివితే ఒక కథే. నాకు రెండు కనపడతాయి."

నేను గుడారానికి పోని రోజుల్లో ఎందరు దొంగలను జడ్జీలను చేశారో, ఎవరి కోసం చేశారో! ఇక అడగడానికి ఆయన లేరు.

మావాడు పరీక్ష గట్టెక్కిన కొన్నాళ్లకు అదే సినిమా మళ్లీ వచ్చింది. గోనెపట్ట ఎత్తి చూశాను. ముందు వరసలో మావాడి పెదవులు ఇంగ్లీషు అక్షరాల వెంట మెల్లగా కదులుతున్నాయి. అయివారు మాత్రం తొణక్కుండా కుర్రాణ్ణి కర్నూలుకు పంపి, ఇన్‌స్పెక్టరును చేసి తెచ్చారు. వెనక నుంచి మళ్లీ ఎవరో, "చొక్కా చినిగిందేమప్పా?" అన్నారు.

అయివారు నోరు తెరిచేలోపే మావాడు లేచి వెనక్కి తిరిగాడు. "రైల్లో జనం శానా ఉండారప్పా!"

మాటల్లేని అయివారిని నేను చూసింది అప్పుడొక్కసారే. తెర వెలుగు సగం ముఖం మీద పడుతుండగా, తెరిచిన నోరు మూయకుండా, మావాడి వైపే చూస్తూ ఉండిపోయారు.