నాయిన తోమని పన్ను

ఈ రోజు నాయినను అల్వాల్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నిరుడు పెట్టించిన ఇంప్లాంట్ పన్ను చుట్టూ చిగురు వాచి, వారం నుంచి రక్తం వస్తోంది. ఆమె చిన్న అద్దం పెట్టి చూసి అడిగింది.

"మిగతా పళ్లన్నీ మంచిగున్నయి. ఈ ఒక్కదాన్నే ఎందుకు తోముతలేరు?"

"మీరే బ్రష్ తగలొద్దని కాగితం రాసిచ్చిన్రు గద మేడమ్. మా బిడ్డ సదివి చెప్పింది. దానికి ఇంగ్లీషు మస్తుగొస్తది," అని నాయిన నావైపు గర్వంగా చూశాడు.

ఆ కాగితం నేను నిరుడు ఇంటికెళ్తూ మేడ్చల్ బస్సులో నిలబడి చదివాను. డాక్టరమ్మ అలాంటిదే ఇంకొకటి తీసి, వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టింది. బ్రష్ తగలకూడనిది మొదటి వారమేనట. ఆ తర్వాత రోజూ మెత్తటి బ్రష్‌తో తోమాలని వెనక పేజీలో ఉంది. అప్పుడు నేను పేజీ తిప్పలేదు.

ఆమె మత్తిచ్చి చిగురు కింద శుభ్రం చేసింది. ఎముక పట్టు వదులుతోందని, నెల తర్వాత కూడా ఇలాగే ఉంటే ఇంప్లాంట్ తీసేయాల్సి వస్తుందని చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. మత్తు నాకే ఇచ్చినట్టు కూర్చున్నాను.

"ఇప్పటి సంది రోజూ తోమాలె," అందామె.

"రూల్ మారిందా బిడ్డా?" అన్నాడు నాయిన, సగం మొద్దుబారిన నోటితో.

"మారింది నాయినా," అన్నాను. డాక్టరమ్మ నన్నొకసారి చూసి, మందుల చీటీ రాయడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి మూడు గంటలైంది. నిజం ఇంకా చెప్పలేదు. మీరైతే అక్కడే చెప్పేసేవారా?