రాజు దూకే గూడు

కాడుగోడి స్టేషన్ ఎదురుగా సైకిల్ షాపు మునినారాయణప్ప అంటే అందరికీ చదరంగమే గుర్తొస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ షాపు ముందు బెంచీ మీద అతన్ని ఓడించిన మనిషి లేడు. ఆ బెంచీ ఆటలో పెద్దల నాటి పద్ధతి ఒకటుంది: ఆటకు ఒక్కసారి రాజు గుర్రంలా దూకవచ్చు. టోర్నమెంటులో అది చెల్లదు. అందుకే తొంభై ఎనిమిదిలో జిల్లా పోటీలకు బయలుదేరిన రోజు, భార్య గంగమ్మ అతని కుడిచేతి వేలికి ఎర్ర దారం కట్టింది.

"ఇది చూస్తే రాజును దుమికించకూడదని గుర్తుండాల. తెలిసిందా?"

"నాకేం బుద్ధి లేదనుకుంటివా?"

బుద్ధి బాగానే ఉంది. నాలుగు ఆటలు వరసగా గెలిచాడు. అయిదోది డ్రా చేసుకున్నా చాలు, జిల్లా జట్టులో చోటు. యాభై రెండేళ్లకు మొదటిసారి ఆటగాళ్ల పట్టీలో తన పేరు.

ఎదురుగా లలిత్ అనే బ్యాంకు ఉద్యోగి. మునినారాయణప్పవి తెల్లపావులు. రాజు ముందరి బంటును తోశాడు, గుర్రాలు రెండూ దించాడు, కుడిపక్క గుర్రం బంటును ఒక గడి జరిపాడు. ఆ బంటు వెనక ఖాళీ గడే రాజుకు గూడు. బెంచీ మీద వేలసార్లు రాజు అందులోకే దూకాడు. లలిత్ ఒంటె వచ్చి గుర్రం మీద గురిపెట్టగానే చెయ్యి దానంతట అదే లేచింది. రాజును గూట్లో దించి గడియారం నొక్కేసింది.

"అంకుల్..." అన్నాడు లలిత్, తప్పు తనదే అయినట్టు. "అది కుదరదండీ."

అంపైర్ పద్మావతి వచ్చింది. "రాజును వెనక్కి పెట్టండి సార్. కానీ ముట్టిన పావునే కదపాలి."

"మరిచిపోయి చేసినా మేడం. గుర్రాన్ని జరుపుకుంటా, ఇదొక్కసారి."

"నా చేతుల్లో లేదండీ. రూలు."

రాజు చుట్టూ అన్నీ సొంత పావులే. ఎదురుగా ఒక్క గడే ఖాళీ. అక్కడికెళ్తే నల్లగుర్రం చెక్ చెబుతుందని, ఒంటె గురికి తన గుర్రం కట్టేసినట్టు నిలబడిపోతుందని కనిపిస్తూనే ఉంది. కనిపిస్తుండగానే జరిపాడు.

వెంట వచ్చి, చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల నిలబడ్డ గంగమ్మకు ఆట రాదు. మొగుడి మెడ వంగిపోవడం మాత్రం తెలిసింది. మాట్లాడకూడదు. తన వేలెత్తి చూపింది, దారం చూసుకోమని. అతను చూశాడు. దారం ఉన్నచోటే ఉంది.

ముందు గుర్రం పోయింది, తర్వాత ఏనుగు. ఇరవయ్యో ఎత్తుకు ఓటమి ఒప్పుకుని చెయ్యి చాచాడు.

మర్నాడు బెంచీ మీద పక్క టీ అంగడి జోగయ్య తొందరపెట్టాడు. "ఏమప్పా, దుమికించు రాజును! దావ ఉండాది కదా!"

మునినారాయణప్ప చెయ్యి రాజు దాకా వెళ్లి ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఆ రోజు ఏ పావునూ ముట్టలేకపోయాడు.