తలకిందులుగా ఎగిరిన రోజు

తొంభైల చివర్లో నేను హోసూరులో దిగేసరికి సన్నటి తుంపర, చలిగాలి. వైమానిక దళం నన్ను డెప్యుటేషన్ మీద పంపింది. నేను ఫిట్టరును. ఊరి బయట రన్‌వే, పక్కన రేకుల షెడ్డు, లోపల ఒంటి సీటు విమానం. విన్యాసాల పోటీల కోసం తయారవుతోంది. నాది ఆ పక్కనే ఉన్న డెంకణికోట. అస్సాం బురదలో ఏళ్లు గడిపినవాడికి సొంత నేల మీద డ్యూటీ పడితే ఛాతీ ఉబ్బదా?

రెక్కలు గట్టివి. బొంగరంలా తిరిగేది. చిక్కల్లా తలకిందులుగా ఎగిరినప్పుడే. పెట్రోలు ట్యాంకులో పైకప్పుకు చేరేది, అడుగునున్న గొట్టానికి అందేది కాదు. రెండుసార్లు గాల్లో ఇంజను ఆగింది. మూడోసారి ఆగితే షెడ్డుకు తాళమేనని పైనుంచి మాట వచ్చింది. ట్యాంకులో మెత్తటి గొట్టం పెట్టి, కొసకు బరువు కట్టాం. పెట్రోలు ఎటు పోతే కొస అటే పడాలి. పడుతుందని నాకు గట్టి నమ్మకం.

కాక్‌పిట్ తనిఖీ కూడా నాదే. ఒక్క స్క్రూ వదులుగా దొర్లినా విమానాన్ని తిప్పే స్టిక్‌కు అడ్డం పడొచ్చు. ఆ ఉదయం మూలమూలా తడిమి, "లోపల ఏమీ లేదు సార్" అని చెప్పి రేడియో దగ్గరికి పోయాను.

పైలట్ చిత్తూరాయన. మూడు వేల అడుగుల ఎత్తులో విమానాన్ని తిరగేశాడు. వెంటనే రేడియోలో అరుపు.

"ఏమీ లేదంటివే అప్పా! మొగం మీద ఏందో రాల్తా ఉండాది!"

మైకు అందుకున్నాను. "స్టిక్ కదుల్తా ఉందా సార్?"

"కదుల్తా ఉండాది. అక్షింతలప్పా ఇవి!"

వెనక్కి తిరిగి చూశాను. మాకు వంట చేసే కెలమంగలం మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఎక్కేటప్పుడు నేనే ఏసినానప్పా. తలకిందులుగా పొయ్యే బిడ్డను ఊరికే యెట్ల పంపేది?"

తిట్టబోయాను. అప్పుడు వినపడింది, పైన ఆగకుండా మోగుతున్న ఇంజను.

"సార్, ఇంజను?"

"జోరుగా ఉండాది. ఇంగో చుట్టు పోతా."

షెడ్డంతా ఈలలు. నేనూ వేశాను.

పని ముగిశాక కృష్ణగిరి మీదుగా బస్సులో యూనిట్‌కు తిరిగిపోయాను. తర్వాత ఎన్ని విమానాలు చూసినా, కళ్లలో నిలిచింది ఆ ఉదయమే. పైలట్ దిగి, హెల్మెట్ తీసి, మునెమ్మ ముందు తల వంచాడు.

"ఇప్పుడు నిటారుగా ఉండానమ్మా. సరిగ్గా ఎయ్యి."

ఆమె చేతిలో బియ్యం లేవు. చెమటకు ఆయన నుదుటికి అంటుకున్న పసుపు గింజలనే ఒక్కొక్కటిగా తీసి, మళ్లీ ఆయన తల మీదే వేసింది.